వాన కబురు – టాపు లేని బండి

(విశ్రాంత ఉద్యోగుల సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ప్రసంగమంటే డీ.ఏ. బకాయిల మీదనో, హెల్త్ కార్డుల మీదనో ఉంటుంది. ఈసారి కార్యదర్శి గారు నాకు వాన మీద మాట్లాడమని చెప్పారు. దానికి కారణం మీకందరికీ తెలిసిందే. శ్రావణ మాసంలో మన సభ్యులం కుంటాల, పొచ్చెర జలపాతాలకు పోయి రావాలనీ, పాత రోజుల జ్ఞాపకంగా టాపు లేని జీపులు రెండు మూడు మాట్లాడుకోవాలనీ గత సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. "వాన పడితే ఎట్లా?" అని ఒకరు అడిగారు. "వాతావరణం వాళ్ళు వాన లేదంటేనే పోదాం" అని ఇంకొకరన్నారు. "వాళ్ళు వాన లేదంటే గొడుగు పట్టుకు పోవాలి" అని మూడో ఆయన అనగానే సభంతా నవ్వింది. ఆ నవ్వులో ప్రతిపాదన వాయిదా పడింది. వాయిదా పడ్డ ఫైలుకు నోట్ రాసి పైకి పంపడం గుమాస్తాగా నాకు అలవాటైన పని కాబట్టి, ఈ ప్రసంగాన్ని ఆ ఫైలు మీద రాసిన నోట్‌గా భావించాలని మనవి.

ముందుగా బండి సంగతి. మనలో చాలామంది ఉద్యోగ జీవితం జీపుతో ముడిపడి ఉంది. 1940ల చివరలో మహీంద్రా కంపెనీ బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టిన తరువాత, కొన్ని దశాబ్దాలపాటు సర్కారు బండి అంటే జీపే. రెవెన్యూ, అటవీ, నీటిపారుదల, పంచాయతీ సమితి, ఏ ఆఫీసు ముందు చూసినా అదే. పైన కాన్వాసు టాపు, పక్కలకు గుండీలతో బిగించే కర్టెన్లు, వాటికి పసుపుపచ్చగా మసకబారిన ప్లాస్టిక్ కిటికీలు. వాన వస్తే కర్టెన్ బిగించేలోగా సగం తడిసేవాళ్ళం, బిగించిన తరువాత మిగతా సగం తడిసేవాళ్ళం. పెట్రోలు జీపైతే డిస్ట్రిబ్యూటర్‌లోకి చెమ్మ చేరి నడిరోడ్డు మీద ఆగిపోయేది. ఆఫీసర్లు ముందు సీట్లో కూర్చునేవారు. వెనుక ఎదురుబదురు బల్లల మీద గుమాస్తా, అటెండరు, మధ్యన ఫైళ్ళ పెట్టె. వానలో గుమాస్తాకు మొదటి కర్తవ్యం తన తల కాదు, ఫైళ్ళు. మనిషి తడిస్తే జ్వరం మూడు రోజుల్లో తగ్గుతుంది. జమాబందీ లెక్క తడిస్తే సంజాయిషీ మూడేళ్ళు నడుస్తుంది.

అందుచేత దౌరా కార్యక్రమం తయారుచేసే గుమాస్తాకు వాన కబురు సరదా విషయం కాదు. ఏ రోజు ఉట్నూరు, ఏ రోజు కెరమెరి, ఏ రోజు మంథని అన్నది పదిహేను రోజుల ముందే టైపు చేసి పంపాలి. వాన ఏ రోజు పడుతుందో చెప్పే ఆధారం రేడియో ఒక్కటే. వార్తల చివర "రాగల 24 గంటల్లో తెలంగాణలో అక్కడక్కడ ఉరుములతో కూడిన జల్లులు పడే అవకాశం ఉంది" అనేవారు. ఆ "తెలంగాణ"లో పెన్‌గంగ నుంచి కృష్ణ దాకా, పది జిల్లాలు. ఆ "అక్కడక్కడ" ఎక్కడో వాళ్ళు చెప్పేవారు కాదు. వాన మహబూబ్‌నగర్‌లో పడినా కబురు నిజమే, భైంసాలో పడినా నిజమే. కరీంనగర్‌లో చొక్కా ఆరేసుకున్నవాడికి మాత్రం అది అబద్ధమే.

ఇక్కడే నా మొదటి మనవి. వాతావరణ శాఖ వాడే మాటలు మన సర్వీసు రూల్సులో మాటల్లాంటివి. ప్రతి మాటకూ ఒక నిర్వచనం ఉంది. అది తెలియక మనం మామూలు భాషగా చదువుతాం. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలో ఉన్న వర్షమాపక కేంద్రాల్లో నూటికి 25 లేక అంతకు తక్కువ చోట్ల వాన అని అర్థం. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50 శాతం. "చాలా చోట్ల" అంటే 51 నుంచి 75. "దాదాపు అన్ని చోట్ల" అంటే 76కు పైన. అంటే "ఒకటి రెండు చోట్ల జల్లులు" అన్న రోజున నూటికి 75 కేంద్రాల్లో చుక్క పడకపోయినా కబురు నెగ్గినట్టే.

అట్లాగే వాన పరిమాణం. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లకు చేరితేనే "భారీ వర్షం". 115.6 నుంచి "అతి భారీ". 204.4 దాటితే "అత్యంత భారీ". మనం వీధిలో మోకాలి లోతు నీళ్ళు చూసి భారీ వర్షమంటాం. అది మురికి కాలువ పూడిక లెక్క, వాన లెక్క కాదు. ఇంకొకటి. రోజు అంటే వాళ్ళకు అర్ధరాత్రితో మొదలయ్యేది కాదు. ఉదయం 8.30 నుంచి మరునాడు ఉదయం 8.30 దాకా. తహసీల్ ఆఫీసు ఆవరణలో వర్షమాపకం కొలిచి రిజిస్టరులో ఎక్కించిన మిత్రులు ఈ సభలో ఉన్నారు, వారికి తెలుసు. నిన్న సాయంత్రం పడ్డ వాన ఈనాటి తారీఖున ఎక్కుతుంది. పత్రికలో చూసి "ఈరోజు ఎండ కాసింది కదా, వాన పడ్డట్టు రాశారేమిటి" అని కోప్పడే పెద్దమనుషులకు ఇది జవాబు.

ఇదంతా చెప్పి వాతావరణ శాఖ తప్పే చేయదని నేననను. చేసింది, పెద్ద తప్పులే చేసింది. మన దేశంలో ఈ శాఖ 1875లో ఏర్పడింది. దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మీద మంచు ఎంత పడిందో చూసి 1886లో మొదటిసారి ఋతుపవనాల ముందస్తు అంచనా ప్రకటించాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా లెక్క కట్టే పద్ధతులు ఎన్నో మారాయి. 2002లో ఈ శాఖ దేశానికి సాధారణ వర్షపాతం వస్తుందని చెప్పింది. వచ్చింది 81 శాతమే, జూలై నెలలో సగం వాన కూడా పడలేదు. 2009లో 96 శాతమని ఏప్రిల్‌లో అంటే చివరికి 78 శాతం పడింది. ఆ సంవత్సరాల్లో మిరుగంలో పత్తి గింజలు పెట్టి, మొలక మాడి, మళ్ళీ గింజలు కొన్న ఆదిలాబాద్ రైతును అడిగితే "అంచనా" అన్న మాటకు అర్థం చెప్తాడు.

పై దేశాల వారు మాత్రం తప్పు చేయరా? 1987 అక్టోబర్ 15 మధ్యాహ్నం బీబీసీ టెలివిజన్‌లో వాతావరణ వార్తలు చెప్పే మైకేల్ ఫిష్, తుఫాను వస్తోందట కదా అని ఒకావిడ ఫోన్ చేసిందనీ, అదేమీ లేదనీ నవ్వుతూ చెప్పాడు. ఆ రాత్రే ఇంగ్లండ్ దక్షిణ భాగాన్ని పెనుగాలి ఊడ్చేసింది. 18 మంది పోయారు, లక్షల చెట్లు కూలాయి. ఆయన పాపం ఆ మాట తాను అట్లాంటిక్ అవతలి హరికేన్ గురించి అన్నానని తరువాత చెప్పుకున్నాడు గాని, ఆ వాక్యం ఆయనను వదలలేదు. అంతటి బ్రిటిష్ వారికే ఆ గతి పట్టింది.

ఎందుకిట్లా జరుగుతుంది? అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త 1961లో కంప్యూటర్ మీద వాతావరణ లెక్క చేస్తూ, 0.506127 అని వేయవలసిన చోట పొట్టిగా 0.506 అని వేశాడు. తేడా వెయ్యిలో ఒక వంతు కూడా కాదు. కాని లెక్క కొద్ది దూరం నడిచేసరికి రెండు వాతావరణాలకు ఒకదానికొకటి పోలికే లేకుండా పోయింది. దీన్ని ఆయన 1963లో ప్రచురించాడు. మన లెడ్జరులో పైసల తేడా వస్తే చివరి మొత్తంలో పైసల తేడాయే ఉంటుంది. ఆకాశం లెడ్జరు అట్లా కాదు. ఇక్కడ పైసా తేడా పదిరోజులకు కోటి రూపాయలవుతుంది. అందుకే రెండు వారాల తరువాత ఫలానా రోజు ఫలానా ఊర్లో వాన అని చెప్పే మనిషిని, సెల్‌ఫోనును నమ్మవద్దు.

ఐతే ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. ఉపగ్రహాలు, కంప్యూటర్లు వచ్చిన తరువాత ప్రపంచవ్యాప్తంగా అంచనాల నాణ్యత సుమారు పదేళ్ళకు ఒక రోజు చొప్పున పెరిగింది. అంటే ఇప్పటి ఐదో రోజు అంచనా, పదేళ్ళ కిందటి నాలుగో రోజు అంచనాతో సమానం. 1983లో ఇన్సాట్-1బి మన మబ్బుల ఫోటోలు పంపడం మొదలుపెట్టింది. 2025 మే నెలలో దేశాన్ని ఆరు కిలోమీటర్ల గళ్ళుగా విడగొట్టి లెక్కకట్టే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ వచ్చింది. అంతకు ముందు ఆ గడి 12 కిలోమీటర్లు. ఇప్పుడు కబురు జిల్లాల వారీగా వస్తున్నది. 2016 అక్టోబర్ 11న మన పాత రెండు జిల్లాలు ముక్కలై ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం, కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్లగా మారడంతో వాన కబురుకు కూడా మేలే జరిగింది. చిన్న జిల్లా అంటే చిన్న "అక్కడక్కడ" అన్నమాట.

ఇన్ని వచ్చినా తప్పు ఎందుకు మిగిలిందన్నది మన ఊరి భాషలోనే అర్థమవుతుంది. మన పెద్దలు వానలన్నింటినీ ఒక్క పేరుతో పిలవలేదు. ముసురు వేరు, జల్లు వేరు, గాలివాన వేరు, రాళ్ళవాన వేరు. శాస్త్రం కూడా అదే చెబుతోంది.

ముసురు అంటే రెండు మూడు రోజులు ఆగకుండా కురిసే వాన. ఇది బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా పడమటికి నడిచినప్పుడు వస్తుంది. ఇటువంటి అల్పపీడనానికి నైరుతి వైపున వాన ఎక్కువ. అది ఛత్తీస్‌గఢ్ మీద ఉన్నప్పుడు ఆ నైరుతి మూల సరిగ్గా మన ఆదిలాబాద్, మంచిర్యాల, పెద్దపల్లి మీద ఉంటుంది. వందల కిలోమీటర్ల వెడల్పున్న వ్యవస్థ కాబట్టి కంప్యూటరుకు అది రెండు మూడు రోజుల ముందే చిక్కుతుంది. ముసురు కబురును నమ్మాలి.

జల్లు, గాలివాన అట్లా కాదు. మధ్యాహ్నం దాకా ఎండ కాసి, నాలుగింటికి ఒక మబ్బు లేచి, గంట దంచి పోతుంది. ఆ మబ్బు వెడల్పు ఐదారు కిలోమీటర్లు, ఆయుష్షు గంట. మానకొండూరులో పడి కరీంనగర్‌లో పడదు. ఆరు కిలోమీటర్ల గడిలో ఐదు కిలోమీటర్ల మబ్బును పట్టడమంటే పెద్ద రంధ్రాల జల్లెడతో రవ్వ జల్లించడమే. దీన్ని ముందురోజు ఊరి పేరుతో చెప్పడం ఎవరి తరమూ కాదు. రాడార్ చూసి గంటా రెండు గంటల ముందు మాత్రం చెప్పగలరు.

ఆ రాడార్ దగ్గర కూడా మన ఉత్తర తెలంగాణకు ఒక ఇబ్బంది ఉంది. హైదరాబాద్ రాడార్ కిరణం నేరుగా పోతుంది, భూమి మాత్రం గుండ్రంగా కిందికి వంగుతుంది. కరీంనగర్ వచ్చేసరికి కిరణం నేల మీద నుంచి సుమారు రెండు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. దాదాపు 250 కిలోమీటర్ల దూరంలోని ఆదిలాబాద్ దగ్గర ఐదు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. దాని కింద నడిచే మబ్బులు ఆ రాడార్ కంట్లో పడవు. ఆదిలాబాద్‌కు నాగపూర్ రాడారే దగ్గర. హైదరాబాద్‌లో కూర్చుని ఉట్నూరు అడవిలో వాన చెప్పడం కష్టమన్నది అలసత్వం వల్ల కాదు, భూగోళం వల్ల.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కబురు చాలాసార్లు తప్పుతుంది కాబట్టి దాన్ని పట్టించుకోనక్కరలేదు అనే మాట నాకు భయం కలిగిస్తుంది. మనం నవ్వుతూ అంటాం. మన మనవళ్ళు అదే నిజమనుకుంటారు.

2022 జూలై రెండో వారం గుర్తు చేసుకోండి. ఉత్తర తెలంగాణ జిల్లాలకు ఎరుపు హెచ్చరిక వచ్చింది. జూలై 11 నుంచి విద్యాసంస్థలకు సెలవులిచ్చారు. మొదటి రోజు కొందరు "చినుకులకు సెలవులేమిటి" అన్నారు. ఆ వారంలోనే కడెం ప్రాజెక్టుకు ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఆ ప్రాజెక్టు 18 గేట్లలో నుంచి బయటకు పోగలిగింది దాదాపు మూడు లక్షలే. ఒక గేటు లేవనే లేదు. దిగువ ఊళ్ళను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. 1958లో ఇదే కడెం కట్ట వరదకు తెగిన సంగతి మనలో పెద్దవారికి తెలుసు కనుక ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. కట్ట నిలిచింది. మరుసటి ఏడాది 2023 జూలైలో మళ్ళీ గేట్ల మీదుగా నీళ్ళు పొర్లాయి. అదే 2023 జూలై 27 ఉదయానికి మన పొరుగున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. అంతకుముందు రాష్ట్ర రికార్డు 2013 జూలైలో వాజేడులో పడ్డ 517.5 మిల్లీమీటర్లు.

ఆ 2022 జూలై వరదల్లోనే జగిత్యాల జిల్లా రాయికల్ మండలం రామోజీపేట దగ్గర వాగు దాటబోతూ ఒక టీవీ విలేకరి కారుతో సహా కొట్టుకుపోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. గోదావరి నడుమ చిక్కుకున్న కూలీల వార్త సేకరించి తిరిగివస్తున్న మనిషి. వరద గురించి ఆ రోజు అతనికంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఎవరుంటారు? ఐనా వాగు వదల్లేదు. పేరు చెప్పను, ఆ కుటుంబం దుఃఖం వారిది. నేర్చుకోవలసిన పాఠం మాత్రం మనందరిది.

మనవాళ్ళ ధీమా అంతా బండి బరువు మీద. లెక్క వినండి. అమెరికా వాతావరణ శాఖ చెప్పేదేమంటే, పారే నీళ్ళు ఆరంగుళాలుంటే మనిషిని పడేయగలవు. అడుగు లోతుంటే చిన్న కార్లను తోసుకుపోగలవు. రెండడుగులుంటే జీపుల వంటి పెద్ద బండ్లు కూడా చాలా వరకు నిలవవు. బండి ఎంత బరువైనా దాని కింద నీళ్ళు చేరగానే తేలడం మొదలవుతుంది, చక్రానికి పట్టు పోతుంది. ఎత్తైన చక్రాల కొత్త జీపు కొన్న కుర్రవాడికి ఈ లెక్క షోరూములో ఎవరూ చెప్పరు.

మేము దౌరాలకు తిరిగిన రోజుల్లో ఒక డ్రైవరు ఉండేవాడు. చదువు నాలుగో తరగతి. ఒర్రె దగ్గర బండి ఆపి కిందికి దిగి నీళ్ళ రంగు చూసేవాడు. నీళ్ళు ఎర్రగా మారి, ఆకులూ పుల్లలూ నురగతో వస్తుంటే ఎగువన వాన దంచుతున్నదని, ఇంకా పెరుగుతుందని లెక్క. నీళ్ళు తేటబడుతూ, ఒడ్డున తడి గుర్తు బయటపడుతూ ఉంటే తగ్గుతున్నదని లెక్క. ఒకసారి వెనక కూర్చున్న ఆఫీసరు తొందరపెడితే, "వాగు దగ్గర సీనియారిటీ చెల్లదు సార్" అన్నాడు. ఆఫీసరు కోపం దిగమింగుకున్నాడు. గంటన్నర తరువాత దాటాం. ఆ గంటన్నర లాగ్ బుక్కులో "హాల్ట్" అని ఎక్కింది. దానికి ఏ ఆడిటూ అభ్యంతరం చెప్పలేదు.

కుంటాల విషయంలో ఇది మరీ ముఖ్యం. కుంటాల కడెం వాగు మీదనే ఉంది. మన నెత్తిన ఎండ కాస్తున్నా, ఎగువన బోథ్, బజార్‌హత్నూర్ వైపు గుట్టల్లో వాన పడితే ఆ నీళ్ళు కొంతసేపటికి ఇక్కడికి దిగుతాయి. జలపాతం దగ్గర ఆకాశం చూసి ధైర్యపడడం కంటే ఎగువ మండలాల్లో పడ్డ వాన చూడడం మేలు. రాష్ట్ర ప్రణాళికా సొసైటీ వారు వెయ్యికి పైగా స్వయంచాలక కేంద్రాలు పెట్టి మండలాల వారీగా వాన లెక్క ఎప్పటికప్పుడు బయటపెడుతున్నారు. మనం చేత్తో కొలిచి రిజిస్టరులో రాసిన పనినే యంత్రం చేస్తున్నది. అది అంచనా కాదు, పడ్డ వాన లెక్క. దానికి తప్పు పట్టే పని లేదు.

ఇక పిడుగు. 2025 జూన్‌లో ఆదిలాబాద్ జిల్లాలో ఒకే రోజు పిడుగుపాటుకు ఆరుగురు పోయారు. పొలం పనుల్లో ఉన్నవాళ్ళు. ఉరుముల వేళ అద్దాలు మూసిన ఇనుప కప్పు కారులో మనిషికి రక్షణ ఉంటుంది. అది టైర్ల రబ్బరు వల్ల అని చాలామంది అనుకుంటారు, కాదు. చుట్టూ ఉన్న లోహపు కవచం విద్యుత్తును పైపైనే నేలకు దింపేస్తుంది. టాపు లేని బండికి ఆ కవచం లేదు. కాన్వాసు కప్పినా లేనట్టే. అంటే ఓపెన్ జీపులో కూర్చోవడమంటే పిడుగుకు ఆరుబయట కూర్చోవడంతో సమానం. మెరుపు చూసిన తరువాత ముప్పై లెక్కపెట్టేలోగా ఉరుము వినపడితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. వెంటనే పక్కా భవనంలోకి పోవాలి, చెట్టు కిందికి మాత్రం పోకూడదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వారు తయారుచేసిన "దామిని" అనే యాప్ దగ్గరలో పడే పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. మనవడి చేత ఫోన్‌లో వేయించుకోండి. మనకు వాట్సాప్‌లో శుభోదయాలు పంపడం వచ్చినప్పుడు ఇదీ వస్తుంది.

పంచాంగం, కార్తెల మాటేమిటని కొందరడుగుతారు. మిరుగం జూన్ 7, 8 తేదీల్లో ప్రవేశిస్తుంది. మన ప్రాంతానికి ఋతుపవనాలు వచ్చేదీ రమారమి ఆ రోజుల్లోనే. కార్తెలు సూర్యుడి నడకను బట్టి కట్టినవి కాబట్టి కాలాన్ని సరిగ్గా చెబుతాయి. ఫలానా కార్తెలో సాధారణంగా ఎట్లా ఉంటుందన్నది వందల ఏళ్ళ అనుభవం. అది ఈ ఏడాది ఈ గురువారం ఎట్లా ఉంటుందో చెప్పదు. విత్తనానికి కార్తె చూడండి. ప్రయాణానికి బులెటిన్ చూడండి. రెంటికీ తగవు లేదు. వాన రాకడ, ప్రాణం పోకడ తెలియవని పెద్దలన్నారు. వాన రాకడ ఇప్పుడు కొంచెం తెలుస్తున్నది. తెలిసిన ఆ కొంచెమైనా వాడుకోకపోతే రెండోదానికి మనమే తొందరపడినట్టు.

ఇప్పుడు ఫైలు మీద నా నోట్.

ఒకటి. తేదీ పదిహేను రోజుల ముందు పెట్టుకుందాం గాని, దానితోపాటు రెండో తేదీ కూడా పెట్టుకుందాం. బండ్ల వారితో ముందే ఆ షరతు మాట్లాడుకుందాం. వాయిదాలు మనకు కొత్త కాదు.

రెండు. ఐదు రోజుల ముందు బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందా లేదా అన్న ఒక్క విషయమే చూద్దాం. ఉంటే రెండో తేదీకి మారుదాం. లేకుంటే ముందుకు పోదాం.

మూడు. ముందురోజు మధ్యాహ్నం జిల్లా బులెటిన్ రంగు చూద్దాం. ఆకుపచ్చ ఐతే బయలుదేరవచ్చు. పసుపు ఐతే, ఆ రోజు టాపున్న బండిలో పోదాం. నారింజ, ఎరుపు ఐతే ఇల్లు కదలవద్దు. ఆ రోజు ఎండ కాసినా సరే, ఎవరూ కార్యదర్శి గారిని నిందించకూడదు. ఈ చివరి మాటను తీర్మానంలో రాయాలని నా కోరిక. ఎందుకంటే నిందకు భయపడే తప్పుడు ధైర్యం పుడుతుంది. పదిసార్లు హెచ్చరించి తొమ్మిదిసార్లు ఏమీ కాకపోతే, పోయింది తొమ్మిది విహారయాత్రలు. పదోసారి పట్టించుకోకపోతే పోయేది ఏమిటో రామోజీపేట వాగు చెప్పింది.

నాలుగు. ఫోన్‌లో "వాన అవకాశం 40 శాతం" అని కనిపిస్తే, 40 శాతం తడుస్తామని కాదు. అటువంటి రోజులు పది ఉంటే నాలుగింట వాన పడిందని. అది చూసి గొడుగు తీసుకోవాలా వద్దా నిర్ణయించుకోవచ్చు. వాగు దాటాలా వద్దా నిర్ణయించుకోరాదు. దానికి కళ్ళ ముందున్న నీళ్ళే ప్రమాణం.

ఐదు. జల్లు, ఉరుముల బెడద మధ్యాహ్నం తరువాతే ఎక్కువ. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరి, జలపాతాలు చూసుకుని, ఒంటిగంటకల్లా నిర్మల్ చేరి అక్కడే భోజనం చేద్దాం. బీపీ, షుగరు మాత్రలు వేసుకునేవారికి కూడా ఇదే అనుకూలం.

ఆరు. మునిగిన లోలెవల్ వంతెన కనిపిస్తే బండి వెనక్కు తిప్పాలి. అక్కడ చర్చ లేదు, ఓటింగు లేదు. డ్రైవరు మాటే ఆఖరు మాట.

ఈ ఆరు షరతులకూ సభ ఒప్పుకుంటే శ్రావణంలో పోవచ్చు. మరీ భయమనిపిస్తే కార్తీకం దాకా ఆగుదాం. అప్పటికి ఋతుపవనాలు మరలిపోతాయి, కుంటాలలో నీళ్ళు తగ్గినా ఉంటాయి, ఆకాశం నమ్మదగ్గదిగా ఉంటుంది. చలి మాత్రం ఉంటుంది. ఆదిలాబాద్ చలి కబురును వాతావరణ శాఖ సాధారణంగా తప్పు చెప్పదు, మఫ్లర్ మరిచిపోకండి. నా ఓటు కార్తీకానికే. కాని మెజారిటీ తీర్మానానికి కట్టుబడతాను.

చివరగా ఒక్క మనవి. ఈ షరతులు మన ఒక్కరోజు యాత్ర కోసమే ఐతే ఇంతసేపు మిమ్మల్ని కూర్చోబెట్టేవాడిని కాదు. మన ఇళ్ళలో కొడుకులు, మనవళ్ళు టాపు తీసిన బండ్లలో వానాకాలం జలపాతాలకు పోతున్నారు. మన మాట వినరని అనుకోవద్దు. వాతావరణం వాళ్ళ మీద మనం వేసే జోకులు వింటున్నారు కదా, ఈ లెక్కలు కూడా వింటారు. ఈ సంచిక ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళ కంటపడే చోట పెట్టండి.

 నోట్ అధ్యక్షులవారి ఉత్తర్వుల కోసం సమర్పిస్తున్నాను. సెలవు.